ఇంటి కుళాయి పని – పైపు జోడింపులను, వాల్వులను ఎన్నుకొను విధము

కృష్ణ కాలువల చివరనున్న మన దివిసీమలో మంచినీటి విలువను రైతునకు వేరొకరు బోధింపనక్కరలేదు. కోడూరు మొదలు హంసలదీవి వరకు బావి త్రవ్వినను, బోరు దింపినను పెక్కుచోట్ల ఉప్పునీరే తగులుచున్నది. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియై డెల్టాకు కాలువలు వచ్చినవి. దానికి బదులు 1957లో ప్రకాశము బ్యారేజి వెలసినది. అచ్చటినుండి బయలుదేరి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదీపాయను దాటి వచ్చు నీరే మన పొలమునకును, ఊరి చెరువునకును, తుదకు ఇంటి కుళాయికిని ఆధారము. కాలువలు కట్టివేసిన వేసవి దినములలో చెరువున నిలువయున్న నీరే ఊరందరి దాహమును తీర్పవలెను.

2019 ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ అను పథకమున, పల్లెలలో మనిషి ఒక్కింటికి దినమునకు 55 లీటర్ల చొప్పున కుళాయి నీరు అందవలెనని నిర్ణయించిరి. ఐదుగురు గల యింటికి అది 275 లీటర్లు. మేడమీద 1000 లీటర్ల ట్యాంకు పెట్టించుకొన్నవారికి, ఈ లెక్కన, ట్యాంకు నిండుగానున్న మూడున్నర దినములు గడచును. ఆ యింటిలో అరంగుళపు పైపు ఒకచోట ఊడి, నిమిషమునకు 20 లీటర్ల చొప్పున నీరు పోయెననుకొందము. మూడున్నర దినముల నీరు 50 నిమిషములలో నేలపాలగును. ఇంటివారు పొలమునకు పోయి వచ్చునంతలో సర్వమును ముగియును.

మన రైతులలో పెక్కురు ఇంటి కుళాయి పనిని తామే చేసికొనుచున్నారు. చేనియందు మోటారు బిగించి, పి.వి.సి. పైపు పరచి, సొల్యూషను పూసి అతుకు వేయుట తెలియనివారు అరుదు. అది మెచ్చదగినదే. కాని పొలమునందలి అలవాటు ఇంటియందు రెండు విధముల మోసపుచ్చును. పొలములో అతుకు కారినచో నీరు పొలములోనే పడును. ఇంటిలో అయ్యది గోడలోనికి దిగి, ఉప్పు పట్టిన ఇటుకను పిండిచేయును. పొలములో నీటిని ఆపవలెనన్న మోటారు కట్టివేయుదుము. ఇంటిలోనో, మేడమీది ట్యాంకు రాత్రింబవళ్ళు తన బరువుతో పైపులను నొక్కుచునే యుండును. దానికి స్విచ్చి లేదు. ఆ స్విచ్చి పనిని చేయవలసినది వాల్వే.

కాబట్టి దుకాణమునకు పోవుటకు పూర్వము ఒక కాగితముమీద ఇంటి పటము గీసి, నీరు వచ్చు దారిని, పోవు దారిని గుర్తింపుడు. పిమ్మట, పైపు ఎన్ని అడుగులు కావలెనని లెక్కింపకమునుపే, నీటిని ఎచ్చటెచ్చట ఆపవలసి వచ్చునో అచ్చటచ్చట చుక్కలు పెట్టుడు. తూము లేని బోదెను మనలో నెవ్వరును త్రవ్వరు గదా. మొదటి చుక్క పంచాయతీ పైపు మన దొడ్డిలోనికి వచ్చుచోట పడవలెను. రెండవది ట్యాంకునుండి నీరు వెడలుచోట, ట్యాంకునకు జానెడు దూరములో, నిచ్చెన లేకుండ చేయి అందునట్లు ఉండవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. దీని క్రిందుగా ఏది విరిగినను ట్యాంకులోని నీరు దక్కును. ఆ తరువాత వంటయింటికి ఒకటి, స్నానపు గదికి ఒకటి, పశువుల కొట్టమునకు ఒకటి. కొట్టమునకు పోవు శాఖకు వాల్వు పెట్టకుండుట మన ప్రాంతమున తరచుగా కనుపించు లోపము. గేదె మెడ రుద్దుకొని కుళాయిని విరుచునది అచ్చటనే యని మరువరాదు. ట్యాంకు అడుగున చేరు మడ్డిని వదలుటకు వేరొక రంధ్రమును, దానికొక చిన్న వాల్వును గూడ ఏర్పరచుకొన్నచో కాలువ ఒండ్రును ఏటికి రెండుమారులు సులువుగ కడిగివేయవచ్చును.

కొంతకాలము క్రిందట కోడూరు సమీపమున ఒక యింట నేను చూచిన సంగతి ఇచ్చట చెప్పదగియున్నది. వైశాఖమాసము, కాలువ కట్టివేసిరి. స్నానపు గదిలో గోడలోని ఎల్బో పగిలినది. ఇంటియజమాని మేడమీదికి పరుగెత్తి ట్యాంకు వాల్వును త్రిప్పెను. అది చక్రము గల గేటు వాల్వు. బిగించిననాటినుండి దానిని ఎవ్వరును కదపలేదు. చక్రము తిరిగినది గాని నీరు ఆగలేదు. బిళ్ళ కూర్చుండవలసిన గాడిలో ఒండ్రు గట్టిపడియుండెను. బలముగ త్రిప్పగా స్పిండిలు తెగెను. చివరకు పాతగుడ్డను ట్యాంకు లోపలి రంధ్రములో కుక్కి నీటిని నిలిపిరి. అప్పటికి సగము ట్యాంకు పోయినది. ఆ యింట పైపులు ఖరీదైనవే. వాల్వు మాత్రము అంగడిలో అన్నిటికంటె చౌకయైనది.

ఇక వాల్వుల తరగతులను విచారింతము. మన దుకాణములలో ముఖ్యముగ మూడు రకములు దొరకును.

గేటు వాల్వు మన కాలువ షట్టరునకు తమ్ముని వంటిది. చక్రము త్రిప్పగా బిళ్ళ నిలువుగ దిగి నీటికి అడ్డుపడును. పూర్తిగ ఎత్తినచో నీటికి ఏ అడ్డంకియు నుండదు. దీనిని పూర్తిగ తెరచియైనను, పూర్తిగ మూసియైనను ఉంచవలెను. సగమెత్తిన షట్టరు క్రింద నీరు ఎట్లు కోయునో మీరు చూచినదే. సగము తెరచిన బిళ్ళ క్రిందను అదే జరుగును. బిళ్ళ అదురును, పీఠము అరుగును, పిదప మూసినను కారును. ఒండ్రు గల నీటికి దీని గాడి శత్రువు. పైన చెప్పిన యింట జరిగినది ఇదియే.

గ్లోబు వాల్వులో బిళ్ళ పైనుండి మర మీద దిగి రంధ్రముపై కూర్చుండును. నీరు లోపల పైకి క్రిందికి మెలిక తిరిగి పోవలెను. నీటిని తగ్గించి హెచ్చించి వాడవలసిన చోట ఇది తగినది; బిళ్ళ క్రింది వాషరు అరిగినచో కొలదిపాటి ధనముతో మార్చుకొనవచ్చును. మన కుళాయిలలో పెక్కు ఈ జాతివే. దేహముమీద బాణపు గుర్తు ఉండును. నీరు పోవు దిక్కునకే ఆ బాణము ఉండునట్లు బిగింపవలెను. కాని దీనికొక దోషము కలదు. ఇంజనీర్ల లెక్క ప్రకారము పూర్తిగ తెరచిన గ్లోబు వాల్వు నీటికి కలిగించు అడ్డు, తన వ్యాసమునకు సుమారు 340 రెట్లు పొడవుగల పైపు కలిగించు అడ్డుతో సమానము. అరంగుళపు వాల్వునకు అది 5 మీటర్ల పైపన్నమాట. ఒక ఎల్బో సుమారు అరమీటరు పైపుతో సమానము. గేటు వాల్వు గాని, నిండు రంధ్రముగల బాల్ వాల్వు గాని జానెడు పైపునకు మించదు. ట్యాంకు కుళాయికి పది పన్నెండు అడుగుల ఎత్తుననే యుండు మన యిండ్లలో నీటికి ఒత్తిడి మొదలే తక్కువ. దారిలో గ్లోబు వాల్వును, నాలుగైదు ఎల్బోలను పెట్టి, పిదప కుళాయి సన్నగ వచ్చుచున్నదని ట్యాంకును నిందించుట తగదు.

మూడవది బాల్ వాల్వు. లోపల ఒక గోళము, గోళము నడుమ రంధ్రము. పిడిని పావు చుట్టు త్రిప్పిన తెరచుకొనును, మరల త్రిప్పిన మూసికొనును. పిడి పైపు వెంబడి యున్నచో తెరచినట్లు, అడ్డముగ నున్నచో మూసినట్లు. చీకటిలో తడిమిచూచినను తెలియును. పిల్లలకు, వృద్ధులకు చెప్పుట సులభము. ఒండ్రు నిలుచుటకు గేటు వాల్వునందువలె లోతైన గాడి లేదు. నా అభిప్రాయమున మన సీమలోని ఇండ్లకు ట్యాంకు వద్దను, శాఖల వద్దను ఉంచదగినది ఇదియే. దీని విషయమున రెండు జాగ్రత్తలు కావలెను. ఒకటి, ఏండ్ల తరబడి కదపక విడిచినచో గోళము పట్టుకొనిపోవును. ప్లాస్టిక్ పిడి విరుగును. నెలకొకమారు మూసి తెరచుచుండుడు; అమావాస్యనాడో, సంఘము సమావేశమగు దినముననో అని యొక గుర్తు పెట్టుకొన్నచో మరపు రాదు. రెండవది, మోటారు నడచుచుండగా దీనిని దభాలున మూయరాదు. పరుగెత్తు నీరు ఒక్కసారి నిలిచినచో సమ్మెటదెబ్బ వలె పైపును కొట్టును. గోడలో ధడేలుమని చప్పుడగుట అందులకే. అతుకులు వదులగుటకు ఈ దెబ్బ పెద్ద కారణము.

వాల్వు ఏ రకమైనను, దాని ప్రక్కన యూనియను ఉండవలెను. యూనియనన రెండు ముక్కలను ఒక పెద్ద నట్టుతో కలుపు జోడింపు. అది యున్నచో వాల్వును కోయకుండ విప్పి మార్చవచ్చును. లేనిచో ఒక్క వాల్వు కొరకు ఇటు అటు పైపును రంపముతో కోసి మరల అతుకవలసివచ్చును. రెండు ప్రక్కలను యూనియను కలిసియున్న బాల్ వాల్వులు ఇప్పుడు దొరకుచున్నవి. వెల కొంచెము హెచ్చు. ట్యాంకు వద్ద పెట్టుదానికైనను అట్టిది కొనుడు.

లోహమును గూర్చి మనవారు విశేషముగ విచారింపవలెను. మెట్ట ప్రాంతమున ఇరువదియేండ్లు నిలుచు ఇనుప పైపు మన ఉప్పుగాలికి, ఉప్పునేలకు అంతకాలము నిలువదు. జి.ఐ. పైపునకు పైన పూసినది తుత్తునాగము. అది ఉన్నంతవరకే ఇనుమునకు రక్ష. మరలు కోసినచోట పూత పోవును గనుక తుప్పు అచ్చటనే మొదలగును. ఇనుప పైపునకు ఇత్తడి వాల్వును తగిలించినప్పుడు, ఉప్పు కలిసిన తేమలో, ఇత్తడికి ఆనుకొన్న ఇనుము మరింత త్వరగ తినివేయబడును. ఇత్తడికిని కష్టము లేకపోలేదు. నాసిరకపు ఇత్తడిలోని తుత్తునాగము ఉప్పునీటిలో మెల్లగ కరిగిపోయి, ఎఱ్ఱని, గుల్లయైన రాగి మిగులును. చూచుటకు వాల్వు వాల్వువలెనే యుండును. పానా పెట్టగనే విరుగును. తగరము కలిసిన గన్ మెటల్ ఇంతకంటె ఓర్చును. స్టెయిన్‌లెస్ స్టీలులోను 304 రకమునకు సముద్రతీరమున చుక్కచుక్కగ తుప్పు పుట్టును. 316 రకము మేలు, గాని ప్రియము. బోరు ఉప్పునీటిని కడుగుటకో, పశువులకో వాడు శాఖకు ప్లాస్టిక్ వాల్వే చాలును, అదియే మంచిది.

దుకాణములో పరీక్షించు ఉపాయములు చెప్పెదను. ఒక చిన్న అయస్కాంతమును జేబులో పెట్టుకొని పొండు. ఇత్తడికి అది అంటదు. వాల్వు దేహమునకు గాని, లోపలి గోళమునకు గాని అంటినచో అది మెఱుగు పూసిన ఇనుము. మన నీటిలో గోళముపై గుంటలు పడి కారుట తప్పదు. అయస్కాంతము అంటనంత మాత్రమున ఇత్తడియని నమ్మరాదు. తుత్తునాగపు మిశ్రమముతో పోసి, పైన తళతళలాడు పూత పూసిన కుళాయిలు, వాల్వులు అమ్ముచున్నారు. మరలలోపల చాకుమొనతో గీయుడు. పసుపుపచ్చగ కనుపించిన ఇత్తడి, బూడిదరంగున కనుపించిన అది కాదు. ఒకే కొలతగల రెండింటిని రెండు చేతులలోను తూచి చూడుడు. దుకాణదారుడు విసుగుకొనిన కొననిండు, మనము కొనునది పదియేండ్ల కొరకు. ఐ.ఎస్.ఐ. ముద్రను చూచునప్పుడు దానితోకూడ సి.ఎమ్/ఎల్ అను అక్షరములు గల లైసెన్సు సంఖ్య యున్నదో లేదో గమనింపుడు. యు.పి.వి.సి. పైపునకు ఐ.ఎస్. 4985, సి.పి.వి.సి. పైపునకు ఐ.ఎస్. 15778, జి.ఐ. పైపునకు ఐ.ఎస్. 1239, గేటు, గ్లోబు జాతి రాగిమిశ్రమ వాల్వులకు ఐ.ఎస్. 778 అను అంకెలు గుర్తులు. తాగునీటి పైపు సీసము కలియనిదై యుండవలెను. సీసము చేర్చి పి.వి.సి. చేయుటను తొలగించుటకు 2021లో కేంద్రప్రభుత్వము నిబంధనలు చేసినది. పాత సరకు చౌకగ ఇచ్చెదమనువారి యొద్ద కొనకుడు.

కొలతల చిక్కు వేరొకటి. దుకాణములో రైతు, “అరంగుళం ఎల్బో ఇవ్వండి” అనును. “ఏ అరంగుళం బాబాయిగారూ?” అని కుఱ్ఱవాడడుగును. ఆ ప్రశ్న పరిహాసము కాదు. అరంగుళపు జి.ఐ. పైపు వెలుపలి వ్యాసము 21.3 మిల్లీమీటర్లు. షెడ్యూలు 40, షెడ్యూలు 80 అను పేర్లతో ఇంటిపనికై అమ్ము యు.పి.వి.సి. పైపునకును అదే కొలత. సి.పి.వి.సి. పైపు రాగిగొట్టపు కొలతను అనుసరించినది గనుక అరంగుళమని పేరేగాని వెలుపల 15.9 మిల్లీమీటర్లే. మనము పొలములో వాడు పి.వి.సి. పైపు మిల్లీమీటర్ల లెక్కది. 20 అనిన వెలుపల 20 మాత్రమే. ముప్పాతిక అంగుళమునకు ఈ మూడు కొలతలు వరుసగ 26.7, 22.2, 25, అంగుళమునకు 33.4, 28.6, 32. చేనిలో మిగిలిన 20 పైపు ముక్కను ఇంటిపని ఎల్బోలో దూర్చి, వదులుగానున్నదని రెండుమారులు సొల్యూషను దట్టించి, ఒక్కొక్కచోట గుడ్డపీలిక చుట్టి పని గడుపువారు గలరు. ఒకటింబావు మిల్లీమీటరు సందును సొల్యూషను పూడ్చలేదు. అది జిగురు కాదు. ప్లాస్టిక్‌ను కరగించి రెండు ముఖములను ఒకటిగ చేయు ద్రవము. ముఖములు తాకకున్న అతుకు లేదు. అట్టి జోడు కొన్ని నెలలు నిలిచి, ఒక మధ్యాహ్నపు ఎండలో జారిపోవును. కావున ఇంట ఒకే కుటుంబపు పైపును, దానికి తగిన జోడింపులను వాడుడు. ఒక కుటుంబమునుండి మరియొకదానికి మారవలసివచ్చిన అతుకు వేయక, మరలు గల అడాప్టర్లతో మారుడు. మగమర గలదానిని ఎం.టి.ఎ. అనియు, ఆడమర గలదానిని ఎఫ్.టి.ఎ. అనియు అమ్ముదురు. ఇనుప మగమరను ప్లాస్టిక్ ఆడమరలో బిగింపరాదు; ఇనుము మేకువలె చొచ్చుకొనిపోయి ప్లాస్టిక్‌ను చీల్చును. ప్లాస్టిక్ మగమరను లోహపు ఆడమరలో బిగింపుడు, లేదా లోపల ఇత్తడి మర పోసిన ఎఫ్.టి.ఎ.ను కొనుడు. కుళాయి తగిలించు ప్రతిచోటను ఈ ఇత్తడిమర గలదే ఉండవలెను.

పైపు దళసరిని గూర్చి మనవారికి అనవసరపు భయము కలదు. 10 మీటర్ల ఎత్తు నీటికి చదరపు సెంటిమీటరుమీద సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి. మన ట్యాంకు 4 మీటర్ల ఎత్తున నున్నచో ఒత్తిడి 0.4 కిలోగ్రాములే, మంచి ముద్ర గల ఏ పైపునకును అది లెక్కకాదు. నీటి దెబ్బకును, మోటారు ఎత్తు నీటికిని కొంత మిగులు చూచుకొన్నను షెడ్యూలు 40 చాలును. పైపు మీదనే మరలు కోయవలసిన చోట మాత్రము షెడ్యూలు 80 కావలెను. ఆ తేడా ధనమును మంచి వాల్వులకు వెచ్చింపుడు. పైపు లావు విషయమున మాత్రము లోభింపరాదు. అంగుళపు పైపునకు అరంగుళపు దానికంటె నాలుగింతల మార్గము. ట్యాంకునుండి దిగు ముఖ్య పైపు అంగుళము, శాఖలు ముప్పాతిక, కుళాయి వద్ద అర అని ఏర్పరచుకొనుట మేలు.

అతుకు వేయు విధము మీరెరిగినదే గనుక క్లుప్తముగ చెప్పెదను. పైపును నిటారుగ కోసి, గరుకును గీకి, తడి లేకుండ తుడిచి, ముందు పొడిగా దూర్చి చూడుడు. సాకెట్టులో మూడవవంతునకు తక్కువగాక, మూడింట రెండువంతులకు మించక దిగి బిగియవలెను. అడుగంట వదులుగ దిగినచో ఆ జోడింపు తగదు. సి.పి.వి.సి.కి దాని సొల్యూషనే, యు.పి.వి.సి.కి దానిదే. పూసి, దూర్చి, పావుచుట్టు త్రిప్పి, అర నిమిషము పట్టుకొనుడు. ఒక దినము గడచినదాక నీరు విడువకుండుట ఉత్తమము. మరలకు టెఫ్లాను టేపును మర బిగియు దిక్కునకే చుట్టుడు. ప్లాస్టిక్ మరను చేతితో బిగించి, పానాతో ఒక చుట్టు, మహాయైన రెండు చుట్లు. అంతకు మించరాదు.

ఎండను మాత్రము మరువరాదు. పైపునకు వేడి సాగుదల ఇనుముకంటె చాల హెచ్చు. 10 మీటర్ల పి.వి.సి. పైపు 20 డిగ్రీల వేడి మార్పునకు సుమారు 14 మిల్లీమీటర్లు సాగును, మరల ముడుచుకొనును. మేడమీద రెండు గోడల నడుమ దానిని బిర్రుగ బిగించినచో ఎల్బోలు చీలుట అందువలననే. ఒక వంపు ఇచ్చి, క్లాంపులను పైపు జరుగునట్లు వదులుగ ఉంచుడు. ఎండ తగులు భాగమునకు తెల్ల రంగు పూయుడు. గీజరునకు, సోలారు వేడినీటికి యు.పి.వి.సి. పనికిరాదు, మెత్తబడును, సి.పి.వి.సి. కావలెను. గీజరునకు చన్నీరు పోవు దారిలో ఒక వాల్వు ఉండవలెను గాని, గీజరునకు గల ఒత్తిడి విడుచు వాల్వు కారుచున్నదని దానికి బిరడా కొట్టుట ప్రాణాపాయము.

ఇంతవరకు చెప్పినది మన యింటి నీటిని గూర్చి. ఇక చెప్పబోవునది ఊరి నీటిని గూర్చినది. దీనిని సభ్యులు శ్రద్ధగ చదువ ప్రార్థన. పంచాయతీ నీరు దినమంతయు రాదు. కొన్ని గంటలు వచ్చి ఆగిపోవును. ఆగినప్పుడు పైపులు ఖాళీయగుచు లోపలికి గాలిని పీల్చును. ఆ సమయమున మీ రబ్బరు గొట్టము చివర కుడితి గోలెములో మునిగియున్నచో, పైపు గాలికి బదులు కుడితిని పీల్చును. మరునాడు నీరు విడిచినప్పుడు ఆ కుడితి పొరుగువారి బిందెలోనికి పోవును. పురుగుమందు కలుపు డ్రమ్ములో గొట్టమును వేసి విడిచినవారి సంగతి ఇక చెప్పనేల. దీనికి ఖర్చు లేని మందు ఒకటి కలదు. కుళాయి మూతి తొట్టి అంచునకు ఎల్లప్పుడును పైన ఉండవలెను; అంచునకు మూతికి నడుమ పైపు వ్యాసమునకు రెండింతలు, ఎంత లేదన్నను రెండంగుళములు ఎడము విడువుడు. రబ్బరు గొట్టమును తొట్టిలో ముంచి విడువరాదు.

దీనికి తోడు, పంచాయతీ పైపు దొడ్డిలోనికి వచ్చుచోట పెట్టు మొదటి వాల్వు తరువాత ఒక నాన్ రిటర్న్ వాల్వును బిగింపుడు. దానిలోని రెప్ప నీటిని ఒక దిక్కునకే పోనిచ్చి, వెనుకకు వచ్చు నీటికి తలుపు వేయును. బాణపు గుర్తు మన యింటివైపునకు ఉండవలెను. రెప్పగలదానిని అడ్డపు పైపులో గాని, నీరు పైకెక్కు పైపులో గాని ఉంచవలెను. నీరు దిగు పైపులో ఉంచిన అది మూసికొనదు. దానిలో ఇసుకరేణువు చిక్కిన రెప్ప సరిగ కూర్చుండదు గనుక, ఇది యున్నదని గొట్టమును గోలెములో ముంచవచ్చునని తలపరాదు. పంచాయతీ కుళాయికి నేరుగ మోటారు తగిలించి నీరు లాగుట నిషిద్ధమేగాక ప్రమాదకరము. మోటారు పీల్చుచుండగా, వీధిలో ఎచ్చట పైపు అతుకు వదులుగ నున్నదో అచ్చటి మురుగు లోపలికి వచ్చును. నీరు చాలనివారు నేలతొట్టి కట్టి, కుళాయినుండి అందులోనికి నీటిని పడనిచ్చి, ఆ తొట్టినుండి మోటారుతో ఎత్తుకొనవలెను. తొట్టికి తేలు బంతి గల వాల్వును పెట్టిన పొర్లిపోవుట యుండదు.

మొదటి వాల్వునకు ముందు ఒక టీ వేసి, అందులో ఒక చిన్న కుళాయిని పెట్టుకొనుడని గూడ నా సలహా. కాలువ మరల విడిచిన దినములలోను, పైపు మరమ్మతు జరిగిన పిమ్మటను మొదట వచ్చు మట్టినీటిని ఇంటిలోనికి రానీయక ఆ కుళాయిగుండ విడిచివేయవచ్చును. తుపానుల విషయమున దీని యుపయోగము మరింత. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమ బావులు, చెరువులు ఉప్పునీటితోను, కుళ్ళుతోను నిండి, బ్రతికినవారికి తాగు నీరు కరవైన సంగతిని పెద్దలు నేటికిని చెప్పుదురు. అట్టి హెచ్చరిక వచ్చినప్పుడు ట్యాంకును నింపి, మొదటి వాల్వును, ట్యాంకు వాల్వును రెంటిని మూసి, మూత గట్టిగ కట్టి మరి పొండు. మిద్దె నిలిచినచో వెయ్యి లీటర్ల తీయని నీరు మీకై యుండును. తిరిగి వచ్చిన తరువాత పంచాయతీ నీరు పరిశుభ్రమైనదని తెలియువరకు మొదటి వాల్వును తెరువక, టీ కుళాయినుండి వచ్చు నీటిని కడుగుటకు మాత్రము వాడుకొనుడు.

కారు కుళాయిని రేపు చూతములే యని విడుచువారికొక లెక్క. మిల్లీలీటరునకు 20 చుక్కలు, సెకనునకొక చుక్క అనుకొన్నను దినమునకు 4 లీటర్లకు పైబడును. తరచుగా దీనికి కావలసినది ఒక వాషరు. ప్రతి యింటను ఒక డబ్బాలో అరంగుళపు, ముప్పాతిక వాషర్లు కొన్ని, టేపుచుట్ట ఒకటి, ఎండ్ క్యాపులు రెండు, మీ యింటి పైపు కొలతది ఎల్బో, సాకెట్టు ఒక్కొక్కటి, ఒక హాక్సా బ్లేడు ఉంచుకొనుడు. సొల్యూషను డబ్బా తెరచిన తరువాత చిక్కబడినచో దానిని పారవేసి క్రొత్తది తెండు. పలుచ చేసి వాడరాదు. మరలు కోయు డై సెట్టు, పెద్ద పైపు రెంచి ఇంటింటికి కొనదగినవి కావు. వానిని సంఘము ఒక జత తెప్పించి, సభ్యులకు పేరు వ్రాసికొని ఎరువిచ్చుట తగునని కార్యవర్గమునకు మనవి చేయుచున్నాను.